గుండె డాక్టరు దగ్గరికి వెళ్లేముందు సంచిలో ఏమేం ఉండాలి

ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం రావాలంటే వందకు పైగా కిలోమీటర్లు. మందస, సీతంపేట వైపు పల్లెల నుంచి వచ్చేవాళ్లకు ఆటో, బస్సు, మళ్లీ ఆటో. విజయనగరం సంగతీ అంతే, సాలూరు, కురుపాం నుంచి బయల్దేరినవాళ్లకు ఒక పూట దారిలోనే అయిపోతుంది. విశాఖ నుంచి వారానికోసారి వచ్చే డాక్టరైతే టోకెన్ కోసం ఇంకో పూట కూర్చోవాలి. ఇంతా చేసి డాక్టరు ముందు కూర్చునేది పది నిమిషాలు. రద్దీ రోజైతే అదీ ఉండదు. ఆ కాస్త సమయంలోనే ఆయన పాత కాగితాలు తిరగేయాలి, గుండె చప్పుడు వినాలి, ఈసీజీ చూడాలి, మందులు రాయాలి. ఆ నిమిషాలు అక్కరకొస్తాయా రావా అన్నది చాలావరకు రోగి సంచిలో ఏముందో, నోటితో ఏం చెబుతున్నాడో దాన్నిబట్టే తేలిపోతుంది. ఉత్తరాంధ్రలో గుండె డాక్టర్లు తక్కువని అందరూ అంటారు. నిజమే. ఉన్న డాక్టరు దగ్గరికి కూడా సగం సమాచారంతో వెళ్లి జనం ఎంత నష్టపోతున్నారో మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ముందు ఈసీజీ కాగితం సంగతి. దాన్ని ఒకసారి చూసి పారేసే చీటీ కింద లెక్కేస్తారు చాలామంది. గుండె డాక్టరుకు ఒక్కోసారి ఇవాళ తీసిన ఈసీజీ కంటే రెండేళ్ల కిందటిదే ఎక్కువ విలువైనది. గీతల్లో కనిపించే తేడా కొత్తగా వచ్చిందా, ఎప్పట్నుంచో ఉన్నదా అన్నదే ఆయనకు ముందు తేలాలి. ఛాతీనొప్పితో వచ్చిన మనిషి ఈసీజీలో ‘ఎల్‌బీబీబీ’ (గుండె ఎడమవైపుకు విద్యుత్తు వెళ్లే దారిలో అడ్డు) అనే మార్పు కనబడిందనుకుందాం. పాత కాగితంలోనూ అదే ఉంటే కంగారు కొంత తగ్గుతుంది, మిగతా పరీక్షలు నింపాదిగా చూడొచ్చు. పాతది లేకపోతే అది కొత్తదే అనుకుని విశాఖకు అంబులెన్సు ఎక్కించాల్సి రావచ్చు. ఇంట్లో బీరువాలో ఉన్న కాగితం ఆ సమయానికి చేతిలో లేకపోవడం వల్ల పడే ఖర్చు, కంగారు అంతా ఇంతా కాదు.

ఆ కాగితాన్ని దాచడంలో ఒక కిటుకుంది. ఈసీజీ గీతలు ఎక్కువగా సిరాతో పడినవి కావు. కాగితం మీద వేడికి నల్లబడే పూత ఉంటుంది, మిషను దాని మీద వేడితో గీస్తుంది. అందుకే ఎండ తగిలినా, ప్లాస్టిక్ కవరులో ఏళ్ల తరబడి ఉన్నా గీతలు వెలిసిపోతాయి. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించేవాళ్లున్నారు. ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడి ఒక్క గీత కూడా మిగలదు. తీసిన రోజే రెండు జిరాక్సులు తీయించి, పైన పేరు, తేదీ, టైముతో పాటు ఇంకో మాట కూడా రాసుకోవాలి: ఈసీజీ తీసినప్పుడు నొప్పి ఉందా, తగ్గిపోయాక తీశారా? ఈ ఒక్క మాట వల్ల ఆ కాగితం విలువ రెట్టింపవుతుంది. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు. రక్తనాళంలో అడ్డు ఉన్నా, మనిషి కుదురుగా కూర్చున్నప్పుడు ఈసీజీ మామూలుగానే రావచ్చు.

ఫోనులో ఫొటో తీసుకున్నా మంచిదే. కాగితం మడతలు సాపు చేసి, వెలుతురులో, నాలుగు మూలలూ పడేట్టు తీయాలి. దాన్ని హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కో, బెంగళూరులో ఉన్న కూతురికో వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే సన్నగీతలు చెదరవు.

మిగతా కాగితాల్లో ఒక్కటే తెచ్చుకునే వీలుంటే అది డిశ్చార్జి సమ్మరీ అయి ఉండాలి. గుండెపోటు ఎప్పుడొచ్చింది, ఏ నాళంలో అడ్డు ఉంది, ఎన్ని స్టెంట్లు (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టాలు) వేశారు, ఏ తేదీన, ఏ మందులతో పంపారు, అన్నీ అందులో ఉంటాయి. ఎకో (గుండె స్కానింగు) రిపోర్టులో ‘ఈఎఫ్’ అని ఒక శాతం రాసి ఉంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో ఎంత బయటికి తోస్తోందో చెప్పే లెక్క అది. సాధారణంగా 50 నుంచి 70 మధ్య ఉంటుంది, నూటికి నూరు ఎవరికీ ఉండదు. 60 అని చూసి ‘గుండె అరవై శాతమే పనిచేస్తోందట’ అని ఇంటిల్లిపాదీ దిగులుపడటం తరచూ జరిగేదే. అది బాగున్న గుండె. పాత ఎకోలో 35 ఉండి ఇప్పుడు 45 అయితే మందులు పనిచేస్తున్నాయని అర్థం. పాత సంఖ్య తెలియకపోతే 45 మంచి వార్తో చెడ్డ వార్తో డాక్టరుకైనా చెప్పడం కష్టం.

ఇక మందులు. ‘తెల్ల బిళ్ల పొద్దున, గులాబీ రంగుది రాత్రికి’ అని చెబితే ఎంత పెద్ద డాక్టరుకైనా ఏమీ తెలియదు. ఖాళీ అయినా సరే స్ట్రిప్పులే తీసుకెళ్లాలి. మందుల షాపులో పది బిళ్లలు కత్తిరించి ఇచ్చినప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క అవతలే ఉండిపోతుంది, ఆ ముక్కను అడిగి తీసుకోవాలి. అన్నిటికంటే ప్రమాదం ఒకే మందును రెండు పేర్లతో వాడటం. ఊళ్లో డాక్టరు రాసిన కంపెనీ మందు, జన ఔషధి షాపులో తెచ్చుకున్న జనరిక్ మందు ఒకటేనని తెలియక రెండూ వేసుకుని, బీపీ పడిపోయి తూలిపడేవాళ్లు ఉంటారు. అన్ని స్ట్రిప్పులూ బల్ల మీద పరిస్తే క్షణంలో బయటపడే పొరపాటిది. మోకాళ్ల నొప్పులకు వాడే బిళ్లలు, ఆర్‌ఎంపీ వేసిన సూదిమందు, ఎవరో చెప్పిన కషాయం, పసరుమందు, బలం పొడి కూడా చెప్పాలి. తిడతారేమోనని దాచేది వీటినే. నొప్పి బిళ్లల్లో చాలావాటికి ఒంట్లో నీరు నిలబెట్టే గుణం ఉంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఆయాసం తిరగబెట్టడానికి అదొక్కటే కారణం కావచ్చు.

డాక్టరుకు చూపించుకునే రోజు బీపీ బిళ్ల మానేసి వచ్చేవాళ్లు చాలామంది. ‘అసలు బీపీ ఎంతుందో తెలుస్తుంది కదా’ అని. దాని ఫలితం ఇలా ఉంటుంది: మందు లేక 180 చూపిస్తుంది, పాత మందు చాలడం లేదనుకుని డాక్టరు ఇంకోటి కలుపుతారు, మర్నాటి నుంచి పాతదీ కొత్తదీ కలిపి వేసుకుంటారు, మూడో రోజు పెరట్లో కళ్లు తిరిగి పడతారు. కాబట్టి ప్రత్యేకంగా మానమని చెబితే తప్ప రోజూ వేసుకునే టైముకే వేసుకుని రావాలి. షుగరు మందు ఒక్కటే మినహాయింపు: పరగడుపున రక్త పరీక్ష ఉంటే పరీక్ష అయ్యాక, టిఫిను చేసేటప్పుడే వేసుకోవాలి.

నీరు పోయే బిళ్ల సంగతి ఇంకో రకం. దాన్ని మానేది బీపీ చూపించుకోవడానికి కాదు, బస్సు ప్రయాణం వల్ల. ఆ బిళ్ల వేసుకుంటే గంటలోపు మూత్రానికి పరుగెత్తాలి. టెక్కలిలో బస్సు ఆగే ఐదు నిమిషాల్లో కుదరని పని అది, ఆడవాళ్లకు మరీను. దాంతో ప్రయాణమున్న రోజల్లా మానేస్తారు. ఈ ఇబ్బంది డాక్టరుకు చెబితే క్లినిక్కు చేరాకో, సాయంత్రం ఇంటికెళ్లాకో వేసుకునేలా టైము మారుస్తారు. చెప్పకపోతే కాళ్లవాపు ఎందుకు తగ్గలేదో అర్థంకాక డోసు పెంచుతారు. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫినుకు ముందు బరువు చూసుకుని రాసిపెట్టుకుంటే ఇంకా మేలు. మూడు రోజుల్లో రెండు కేజీలు పెరిగితే అది ఒళ్లు చేయడం కాదు, నీరు చేరడం. తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా అప్పుడే ఫోన్ చేయాలి.

చెప్పే తీరుకు వద్దాం. మన వైపు ఛాతీలో ఏం జరిగినా ముందు దానికి పెట్టే పేరు గ్యాసు. ‘గ్యాసు బాబూ, పైకి తన్నేస్తంది’ అని మొదలుపెడితే డాక్టరు సమయంలో రెండు నిమిషాలు గ్యాసు బిళ్లల మీదే పోతాయి. జబ్బు పేరు పెట్టడం డాక్టరు పని. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు, ఏం చేస్తుంటే వచ్చింది, ఏం చేస్తే తగ్గింది అన్నది మాత్రం రోగి తప్ప ఇంకెవరూ చెప్పలేరు. ‘చెరువుగట్టు ఎక్కితే గుండెల మీద రాయి పెట్టినట్టుంటుంది, ఆగితే ఐదు నిమిషాల్లో పోతుంది, నెలకిందట గట్టు చివర వచ్చేది, ఇప్పుడు సగంలోనే వస్తోంది’ అని ఒక రైతు చెబితే అందులో రోగనిర్ణయం ముప్పాతిక వంతు ఉన్నట్టే. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే నొప్పి గుండెదయ్యే అవకాశం ఎక్కువ. అది మునుపటికంటే తక్కువ శ్రమకే వస్తోందంటే ఇంకా తొందరపడాలి. షుగరు ఉన్నవాళ్లకు, పెద్దవయసువాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి లేకుండా ఉట్టి ఆయాసమో, చెమటలు పట్టడమో, దవడలోనో వీపులోనో పీకుడో, అంతులేని నీరసమో మాత్రమే ఉండొచ్చు. అందుకే ‘నొప్పి లేదు కదా’ అని ధీమాగా ఉండకూడదు.

పొగ సంగతి అడిగితే నిజం చెప్పాలి. ఇక్కడ ఉత్తరాంధ్ర తీరానికే ప్రత్యేకమైన చిక్కొకటుంది. చుట్ట మంట లోపలికి పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు శ్రీకాకుళం, విశాఖ తీరం పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లలో ఇప్పటికీ ఉంది. నోటి క్యాన్సర్ పరిశోధనల్లో ఇది ఏళ్లుగా రికార్డయిన విషయం. అయినా క్లినిక్కులో ‘పొగ తాగుతారా’ అన్న ప్రశ్న మగవాళ్లకే పడుతుంది. అత్తగారిని తీసుకొచ్చిన కోడలికి తెలిసినా నలుగురిలో నోరు విప్పదు. ఇలాంటప్పుడు ముందే చీటీ మీద రాసి ఇస్తే సరిపోతుంది.

తోడు ఎవరు రావాలన్నదీ ఆలోచించాల్సిందే. డబ్బు కట్టగలిగిన కొడుకు రావడం సహజం. రోజూ మందులు చేతికిచ్చేది, రాత్రి ఆయాసపడి లేచి కూర్చున్నప్పుడు చూసేది ఇంకొకరై ఉంటారు. ఇద్దరిలో ఒకరే వచ్చే వీలుంటే రెండోవాళ్లే రావడం మేలు. కొడుకును ఫోనులో కలపొచ్చు.

క్లినిక్కు చేరాక బీపీ చూసేముందు ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోనివ్వమని అడగడంలో తప్పేమీ లేదు. మెట్లెక్కి వచ్చిన వెంటనే, కాళ్లు వేలాడేసుకుని, మాట్లాడుతూ చూపించుకుంటే పది, పదిహేను పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది. అరగంట ముందు నుంచి టీ, బీడీ వద్దు. పరీక్షల్లో ఈసీజీకి, మామూలు ఎకోకు పరగడుపుతో పనిలేదు. పొద్దుట్నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చి వరండాలో షుగరు పడిపోయేవాళ్లను చూస్తే ఎవరు చెప్పారో ఈ మాట అనిపిస్తుంది. టీఎంటీ అంటే బెల్టు మీద నడిపించే పరీక్ష. రెండు మూడు గంటల ముందు తేలిగ్గా తిని, నడకకు వీలైన బట్టలతో రావాలి. చీరకంటే చుడీదారు నయం. కొన్ని మందులు ముందురోజు ఆపమంటారు, అదీ వాళ్లు చెబితేనే. యాంజియోగ్రామ్‌కు (రంగుమందు ఎక్కించి గుండె నాళాలు చూసే పరీక్ష) మాత్రం కొన్ని గంటలు ఏమీ తినకుండా ఉండాలి. ఆ టైము ఆసుపత్రివాళ్లే చెబుతారు.

యాంజియోగ్రామ్ అనగానే ఉద్దానం వాళ్లు ఆగి ఒక మాట చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో కొత్తగా చెప్పనక్కర్లేదు. కాళ్లవాపు, ఉబ్బిన కళ్లు, పాలిపోయిన ముఖం లాంటివేవీ లేకుండానే కిడ్నీలు సగానికి పైగా దెబ్బతిని ఉండొచ్చు. యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు కనబడటానికి ఎక్కించే రంగుమందు బలహీనమైన కిడ్నీలను ఇంకా కుంగదీయగలదు. ముందే తెలిస్తే రంగుమందు తగ్గించి, సెలైన్ ఎక్కించి, మెట్‌ఫార్మిన్ లాంటి షుగరు మందులు ఆపాలా వద్దా చూసుకుని జాగ్రత్తపడతారు. కాబట్టి ఈ మండలాల నుంచి వచ్చేవాళ్లు అడిగినా అడక్కపోయినా ఊరి పేరు చెప్పి, పాత క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టులన్నీ చూపించాలి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. అక్కడ చూపించుకున్న కాగితాలుంటే గుండె ఫైలులోనే కలిపి పెట్టాలి. కిడ్నీ ఫైలు వేరు, గుండె ఫైలు వేరు అని రెండు సంచులు పెట్టుకుంటే ఏ డాక్టరు ఏం రాశారో రెండోవారికి తెలియదు.

అదే ఉద్దానంలో ఇంకో సంగతుంది. గుండె బలహీనతకు రాసే రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి మందులు రక్తంలో పొటాషియాన్ని పెంచుతాయి. కిడ్నీ సరిగా పనిచేయకపోతే అది బయటికి పోదు. పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పి ప్రాణం మీదికొస్తుంది. ఇంటి చుట్టూ కొబ్బరితోటలే ఉన్నచోట, ఒంట్లో బాగోలేదంటే ముందు చేతికిచ్చేది కొబ్బరిబోండాం. అందులో పొటాషియం దండిగా ఉంటుంది. బీపీకి మంచిదని అమ్మే ‘సోడియం తక్కువ’ ఉప్పు ప్యాకెట్లలో కూడా సోడియానికి బదులు చేరేది పొటాషియమే. ఈ రెండూ అందరికీ విషం కావు. కిడ్నీ జబ్బు, ఈ మందులు రెండూ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

వాల్వు (గుండె కవాటం) జబ్బు ఉన్నవాళ్ల గురించి ఎవరూ రాయరు. గుండెపోటుకు ఉన్నంత ప్రచారం దానికి లేదు. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లవాతంతో మొదలై వాల్వు చెడిపోయిన ఆడవాళ్లు పల్లెల్లో, ఏజెన్సీలో ఇప్పటికీ కనిపిస్తారు. వీళ్లలో చాలామందికి 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది. ఎప్పుడెప్పుడు వేయించుకున్నారో తేదీలు కార్డు మీద ఉండాలి. యంత్రపు వాల్వు వేసినవాళ్లకు రక్తం పలచబడే మందు జీవితాంతం. ఎసిట్రామ్, వార్ఫారిన్ ఈ కోవలోవే. వాళ్లు పీటీ ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే పరీక్ష) సంఖ్యలన్నీ తేదీలవారీగా ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఒక్క సంఖ్య చూసి డోసు మార్చడం కంటే ఆర్నెల్ల వరస చూసి మార్చడం మేలు. తోటకూర, గోంగూర, మునగాకు మానేయమని కొందరు భయపెడతారు. మానక్కర్లేదు, వారానికి ఇంత అని ఒకే తీరుగా తినాలి. శ్రావణంలో నోములని నెలంతా ఆకుకూరలే తిని, తర్వాత నెల అసలు తినకపోతే మందు లెక్క తప్పుతుంది. పన్ను పీకించుకునేముందు, కండకు సూది వేయించుకునేముందు, ముఖ్యంగా గర్భం అనుకున్నప్పుడు ఈ మందు సంగతి ముందే చెప్పాలి. స్టెంటు వేయించుకున్నవాళ్లది దీనికి దగ్గరి సమస్యే. పంటి డాక్టరు ఆపమన్నారని రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ లాంటి బిళ్లను గుండె డాక్టరును అడగకుండా ఆపేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది.

కొన్నిసార్లు క్లినిక్కుకు వెళ్లనే కూడదు. ఛాతీలో బరువు, నొక్కుడు పావుగంట దాటినా తగ్గకపోతే, చెమటలు, ఆయాసం తోడైతే, ‘సాయంత్రం డాక్టరు వస్తారు, చూపిద్దాం’ అనుకోవడం ప్రాణాంతకం. 108కి ఫోన్ చేయాలి. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లడం చూస్తుంటాం. దారిలో గుండె ఆగితే చేయగలిగింది ఏమీ ఉండదు. అంబులెన్సులో ఆక్సిజన్, మనిషి తోడు ఉంటాయి. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ ఇంతకుముందు డాక్టరు రాసి ఉంటేనే వాడాలి, అదీ కూర్చునే, నిలబడి కాదు. బీపీ తక్కువగా ఉన్నప్పుడు, మగవాళ్లు లైంగిక సామర్థ్యం కోసం సిల్డినాఫిల్ లాంటి బిళ్ల వేసుకున్న తర్వాత అది ప్రమాదం. ఈ రెండో సంగతి సిగ్గుపడి దాచేదే, దాచకూడనిదీ అదే.

నేరుగా విశాఖే వెళ్లిపోవాలన్న ఆత్రం కూడా అన్నివేళలా మంచిది కాదు. పెద్ద గుండెపోటులో మూసుకుపోయిన నాళాన్ని రెండు విధాలుగా తెరుస్తారు: యాంజియోప్లాస్టీ (సన్నగొట్టం పంపి బెలూనుతో నాళం తెరవడం), లేదా గడ్డను కరిగించే ఇంజెక్షన్. యాంజియోప్లాస్టీ వసతి రెండు గంటల్లోపు అందదనుకుంటే ముందు ఇంజెక్షన్ ఇచ్చి ఆ తర్వాత పంపడమే పద్ధతి. విజయనగరం నుంచి విశాఖ అరవై కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది, శ్రీకాకుళం నుంచి వంద దాటుతుంది. ఇచ్ఛాపురం నుంచైతే చెప్పేదేముంది. టెనెక్టిప్లేజ్ అనే ఈ ఖరీదైన ఇంజెక్షన్‌ను ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే స్టెమీ (పెద్ద గుండెపోటు) కార్యక్రమం రాష్ట్రంలో 2023లో మొదలైంది. మీ ఊరికి దగ్గర్లోని ఏ ఆసుపత్రిలో అది ఉందో బాగున్న రోజునే కనుక్కుని, ఆ నంబరు గోడ మీద రాసుకోవడం ఇంటిపెద్ద పని. ఇంజెక్షన్ పనిచేసి నొప్పి తగ్గాక ‘ఇంక బాగుంది’ అని ఇంటికెళ్లిపోకూడదు. అక్కడ్నుంచి యాంజియోగ్రామ్‌కు వెళ్లాల్సిందే.

ఖర్చు విషయం. జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పిలిచే పథకానికి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అని పేరు. స్టెంటు, బైపాస్ లాంటివి అందులో ఉన్నాయి గానీ పథకంలో ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. డబ్బు కట్టేశాక కార్డు చూపిస్తే లాభం లేదు. లోపలికి వెళ్లగానే పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర కౌంటరు ఎక్కడుందో అడిగి కార్డు, ఆధార్ చూపించాలి. కార్డులో పేరు, ఆధార్‌లో పేరు వేరువేరుగా ఉంటే సచివాలయంలో ముందే సరిచేయించుకోవాలి. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో అది తెమిలే పని కాదు.

డాక్టరు గది నుంచి లేచేముందు అడగాల్సినవి నాలుగే: పాతవాటిలో ఏది ఆపాలి, కొత్తది ఎన్నాళ్లు, ఏం కనిపిస్తే తొందరగా రావాలి, మళ్లీ ఎప్పుడు. మొదటిదాన్నే అందరూ మర్చిపోతారు. కొత్త చీటీలో లేని మందు ఆపినట్టా, రాయడం మరిచినట్టా అన్నది ఇంటికెళ్లాక తేలదు. మందుల షాపులో చీటీలోని పేరు కాక ఇంకో కంపెనీది ఇస్తే మళ్లీ వెనక్కొచ్చి చూపించుకోవడానికి నామోషీ పడక్కర్లేదు, ఆ పనికే కాంపౌండరు ఉన్నాడు. నెలకు సరిపడా బిళ్లలు కొనుక్కున్నవాళ్లు ఇంకో వారానివి అదనంగా ఉంచుకోవాలి. తుఫాను వచ్చి బస్సులు ఆగినా, రథసప్తమికి అరసవల్లి జనంతో శ్రీకాకుళం కిక్కిరిసినా, సిరిమానోత్సవానికి విజయనగరంలో దారులు మూసినా ఆ వారం మందు తప్పదు.